దండ వేసిన నా ఫోటో

నా ఫోటోకి నేనే బొట్టు పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. వాళ్ళు తప్పుగా చేస్తుంటే చూడలేక, కుర్చీలోంచి లేచి వెళ్ళి మరీ పెట్టాను. తప్పు జరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మా వంశంలో లేదు. మా అమ్మ బస్ కండక్టరు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి తోసేదాకా రైట్ అనదు. ఆ బుద్ధే నాకూ వచ్చింది.

అప్పట్లో నేను కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్ళో ఒక కాలేజీలో చదువుతూ, ఆ పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులవి. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందంటే చాలు, రెజ్యూమెలు పట్టుకుని మంచులో వీధి మలుపు దాకా మనవాళ్ళే నిలబడేవారు. నా రూమ్మేట్‌కి గోదాములో డబ్బాలు సర్దే పని దొరికింది. నాకు దొరికింది ఇంకా వింత పని. ఒక టీవీ సీరియల్ షూటింగులో స్టాండ్-ఇన్, అంటే నటి బదులు నిలబడటం. లైట్లు, కెమెరా సర్దుకునేంతసేపూ అసలు నటిని అలసిపోనివ్వరు. అదే ఎత్తు, అదే చాయ ఉన్న మనిషికి అదే రంగు బట్టలు కట్టించి ఆవిడ చోట నిలబెడతారు. వెలుతురు కుదిరాక ఈ మనిషిని పక్కకి జరిపి ఆవిడని పిలుస్తారు. మన ముఖం ఎక్కడా కనబడదు, మాట్లాడేదీ ఉండదు.

అమ్మకి చెబితే ఫోన్లో పడీపడీ నవ్వింది. "నోరు మూసుకొని నిలవడితే పైసలిస్తరా? నీకా? ఎట్ల నిలవడ్తున్నవే?"

ఆ నటి బ్రిటన్‌లో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి మన కోస్తా నుంచి వెళ్ళిన డాక్టరు, ఎప్పుడో పోయాడు. ఆయన నోట విన్న అన్నం, నిద్ర, చాలు అనే మాటలు తప్ప ఆవిడకి తెలుగు రాదు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. లైట్లవాళ్ళు కుస్తీ పడుతుంటే, ఖాళీ దొరికినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని తన సంగతులు చెప్పేది. మొదట లండన్లో నాటకాలు. తర్వాత టీవీలో నర్సు వేషం, డాక్టరు గారు వస్తున్నారని చెప్పి తలుపు మూసేయడమే పని. ఆ తర్వాత కిరాణా కొట్టు యజమాని భార్య. నడివయసు రాకుండానే తల్లి వేషాలు మొదలయ్యాయి. కొడుకు జైలుకెళ్ళిన తల్లి, కూతురు లేచిపోయిన తల్లి, ఆసుపత్రి వరండాలో కూలబడే తల్లి. సినిమాల్లోనూ అంతే, టీవీలోనూ అంతే.

"నన్ను ఏడవడానికే పిలుస్తారు" అనేది. ఏ కంట్లోంచి ముందు నీళ్ళు రావాలో చెబితే ఆ కంట్లోంచే తెప్పించేది. ఒకసారి శాండ్‌విచ్ తింటూ నాకు చేసి చూపించింది కూడా. ఎంత బాగా ఏడ్చినా ప్రతి డైరెక్టరూ చివర్లో ఒకటే మాట అనేవాడట, బాగుంది, ఇంకొంచెం అని. ఆ ఇంకొంచెం మీదే తన జీవితమంతా గడిచిందని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. నాకైతే మొదటి డైరెక్టర్నే తన్నాలనిపించేది.

అరవైకి దగ్గరపడ్డాక, కథంతా తన మీదే నడిచే వేషం ఇప్పుడు మొదటిసారి వచ్చింది. అదీ తల్లే. కెనడాలో చదువుకుంటున్న కూతురు రోడ్డు ప్రమాదంలో పోతే, ఇండియా నుంచి వచ్చి ఆ పిల్ల అద్దెగది ఖాళీ చేసే తల్లి. కథలో కూతురు కనబడదు. గోడ మీద ఫోటో మాత్రం ఉంటుంది.

ఆ ఫోటోకి వాళ్ళు ఎవరో మోడల్‌ని తెచ్చారు. పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఈ పిల్ల ఏనాడూ ఉద్యోగం కోసం చలిలో నిలబడి ఉండదే, అంది ఆవిడ. నా నోటి దురద ఊరుకోలేదు. నాదివ్వనా అన్నాను. మొదటిసారి మంచు కురిసిన రోజు ఎర్ర జాకెట్‌లో నవ్వుతూ దిగిన ఫోటో ఇచ్చాను. అమ్మ ఫోన్ తెరిస్తే మొదట కనబడేది కూడా అదే.

నా రూమ్మేట్‌ది కాకినాడ. వినగానే చెంపలు వాయించుకుంది. "ఒసేయ్, బతికున్న మనిషి ఫోటో ఇస్తారంటే ఎవరైనా? పైన తథాస్తు దేవతలుంటారు, నోరు కడుక్కో ముందు!"

"వాళ్ళకింకా కెనడా వీసా రాలేదులే" అన్నాను.

షూటింగు కేంబ్రిడ్జ్‌లో నది ఒడ్డున ఒక పాత రాతి ఇంట్లో. సామాన్లు సర్దేవాళ్ళు నా ఫోటో గోడకి తగిలించి, కింద తెల్ల పూల కూజా, పక్కన కొవ్వొత్తులు పెట్టారు. పుట్టినరోజు బల్లలా ఉంది. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళని ఇలా పెట్టరు, దండ వేస్తారు, నుదుటి దగ్గర అద్దం మీద బొట్టు పెడతారు, ముందు దీపం పెడతారు అని చెప్పాను. ఎక్కడ పెట్టాలో వాళ్ళకి తెలియలేదు. నాకు తెలుసు. మా ఇంట్లో నాన్న ఫోటో అలాగే ఉంటుంది. వేలితో కుంకం అద్ది నా నుదుటి మీద నేనే పెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణం వేలు కొంచెం జంకింది. కానీ అందరూ చూస్తున్నారు, నేను మొండిదాన్ని.

సెట్లోకి వెళ్ళేముందు అందరి ఫోన్లూ తీసుకుని సంచిలో వేసేవారు. కథ బయటికి పొక్కకూడదని ఆ ఏర్పాటు. ఆ ఉదయం పక్కింటి కుర్రాడి వేషానికి వచ్చిన మన తెలుగు స్టూడెంట్ ఒకడు, ఫోన్ ఇచ్చేలోపే గుమ్మంలోంచి ఆ గోడని ఫోటో తీశాడు. మన పిల్లని సీరియల్లో చంపేశార్రా అని నవ్వుతూ స్నేహితుడికి పంపాడు. అక్కణ్ణుంచి అది స్టూడెంట్ గ్రూపుల్లోకి, వాటి నుంచి మా ఊరి గ్రూపుల్లోకి పాకింది. పాకేకొద్దీ వాడి నవ్వు రాలిపోయి దండ వేసిన ఫోటో ఒక్కటే మిగిలింది. ఆ రోజుల్లో గ్రూపుల్లో అలాంటి ఫోటోలు వస్తూనే ఉండేవి. కింద ఊరి పేరు, శవాన్ని ఇంటికి పంపడానికి సాయం చేయమని ఒక మాట. ఎవరికీ అనుమానం రాదు. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్ళ నమ్మకం.

ఇవేవీ నాకు తెలియవు. పొద్దుటి బ్రేకులో ఫోన్ చేతికిచ్చారు. తెర నిండా మిస్డ్ కాల్స్. రూమ్మేట్, జగిత్యాలలో ఉండే మా బాబాయి, ఎప్పుడూ మాట్లాడని చుట్టాలు. అమ్మ నుంచి మాత్రం ఒక్కటీ లేదు.

రూమ్మేట్ పంపింది తెరిచి చూశాను, దండతో నా ఫోటోనే. బాబాయికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే ఆయన చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆ ఏడుపు ఆగేదాకా నేను అరుస్తూనే ఉన్నాను.

"బతికే ఉన్న బాబాయ్. అది షూటింగుల ఫోటో. అమ్మకు చెప్పిన్రా? ఏమన్న చెప్పిన్రా?"

"ఫోన్ల అట్లెట్ల చెప్తం బిడ్డా... డిపోకు ఫోన్ జేసి, నీకు కొంచెం సీరియస్‌గ ఉందని, డ్యూటీ దిగి ఇంటికి రమ్మని చెప్పిచ్చినం."

చచ్చిపోయిందని చెప్పి ఉన్నా ఇంతకంటే నయమే. మనవాళ్ళు చావుకబురు దూరం నుంచి చెప్పరు. విన్న మనిషి దారిలో ఏమైపోతుందోనని, పోయినవాళ్ళని దారి పొడుగునా సీరియస్‌గానే ఉంచి, వాకిట్లోకి వచ్చాక చెబుతారు. నాన్న పోయిన రోజు కూడా అమ్మ డ్యూటీలోనే ఉంది. బస్టాండులో కంట్రోలరు ఈ మాటే చెప్పాడు, మీ ఆయనకు కొంచెం సీరియస్‌గా ఉందట అని. ఏ ఆస్పత్రి, ఏ వార్డు అని ఆటో నిండా అడుగుతూనే వచ్చింది. ఎవరూ పలకలేదు. మా సందు మొదట్లో వేసిన కుర్చీలు చూసి తనంతట తానే ఊరుకుంది. మళ్ళీ ఎవరన్న నాకు సీరియస్ అని చెప్తే నాకు సమజైతది అని, కర్మలన్నీ అయిపోయాక నాతో అంది.

"అమ్మ ఇంటికి వస్తున్నదా?" అని అడిగాను.

"ధర్మపురి బస్టాండుల చెప్పిన్రట. దిగుమంటే దిగలేదంట. మంచిది అని, టికెట్ మిషన్ తీస్కొని మళ్ళ బండెక్కిందంట. ఫోనెత్తుతలేదు."

ధర్మపురి దాటితే ఆ రూటు గోదావరి వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్తుంది. అక్కడ చీకటిపడి చాలాసేపయి ఉంటుంది. నువ్వొక్కదానివి లేకుంటే మీ నాయనెన్కనే గోదావర్ల దునుకుదును అని అమ్మ కోపం వచ్చినప్పుడల్లా అనేది. నీకు ఈతొచ్చు గదమ్మా అని నేను ఎకసెక్కం ఆడేదాన్ని. ఆ రాతి ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటే నాకు ఆ మాట తప్ప ఇంకేదీ వినబడలేదు.

బాబాయి డిపోవాళ్ళని పట్టుకుని డ్రైవరు నంబరు తీసుకుని నాకూ పంపాడు. చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడుపుతూ ఎలా ఎత్తుతాడు? ఈలోగా బ్రేకు అయిపోయింది. సెట్ నడిపించే అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి ఫోన్ సంచిలో వేయమని, వెళ్ళి నా గుర్తు మీద నిలబడమని అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను వాడి మీద తెలుగులో విరుచుకుపడ్డాను. ఏమన్నానో ఇక్కడ రాయను. మా డిపోలో కూడా ఎవరూ అలా అనరు.

సందడి విని ఆ నటి వచ్చింది, ఏమైందని అడిగింది.

"నేను చచ్చిపోయాననుకుంటోంది మా అమ్మ. ఇప్పుడు నది మీద బస్సులో ఉంది" అన్నాను.

ఆవిడ నేరుగా గదిలోకి వెళ్ళి, నేల మీద టేపుతో వేసిన గుర్తు దగ్గర, నేను నిలబడాల్సిన చోట నిలబడింది. లైట్లవాళ్ళు తెల్లబోయారు. కథానాయిక తనకి తానే స్టాండ్-ఇన్. మీ పని మీరు కానివ్వండి, ఆ అమ్మాయి ఫోన్ జోలికి మాత్రం ఎవరూ రాకండి, అంది. అసిస్టెంట్ డైరెక్టర్ సంచీ పట్టుకుని వెనక్కి వెళ్ళాడు.

రాతి గోడల మధ్య సిగ్నల్ అందదు, గుమ్మంలో కూడా తెగిపోతోంది. ఆ గదిలో కిటికీ దగ్గర మాత్రమే వస్తుంది. అక్కడే నిలబడి అమ్మకి చేశాను, డ్రైవరుకి చేశాను. చివరికి బాబాయి నుంచి మెసేజ్ వచ్చింది. డ్రైవరు వంతెనకి ఇవతలి స్టాపులో బండి ఆపి ఫోనెత్తాడట. అమ్మా, నీ బిడ్డ మంచిగనే ఉన్నదట అని చెప్పాడట. అమ్మ ఏమందో కూడా బాబాయి రాశాడు. గట్లనే అంటరన్నా, అందట.

నాకు అప్పుడు అర్థమైంది. మంచిగానే ఉందనేది కూడా మనవాళ్ళు చెప్పే అబద్ధాల్లో ఒకటి. నేను బతికున్నానని ఎవరు చెప్పినా అమ్మకి చావుకబురులాగే వినబడుతుంది. వెంటనే డ్రైవరు నంబరుకి వీడియో కాల్ చేశాను.

తెర మీద ముందు బస్సు కప్పు, ట్యూబ్‌లైటు కనబడ్డాయి. తర్వాత అమ్మ ముఖం. ఖాకీ చొక్కా, మెడలో సంచి. ఏడవడం లేదు. నన్ను కూడా చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

"అమ్మా, నేనేనే. నాకేం గాలె."

"నీ ఎన్కకు గా ఫోటో ఏంది?"

తిరిగి చూశాను. ఎర్ర జాకెట్, దండ, దీపం. కంగారులో ఆ గోడకే వీపు పెట్టి నిలబడ్డాను. ఈలోగా ఆవిడ తన చోటు వదిలి గబగబా వచ్చి, ఫోటోని దండతో సహా మేకు నుంచి పీకి, బోర్లా బల్ల మీద పెట్టేసింది. ముందు షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ ఉన్నచోటే ఉండాలి. ఆ లెక్క చూసే అమ్మాయి అయ్యయ్యో అని అరిచింది. ఇంకోసారి అరిచి ఉంటే తన్నేదాన్నే.

"గామె ఎవరు? నీ అసొంటి చీరే కట్టింది."

"నటి అమ్మా. నేను నిలవడేది ఈమె బదులే. చెప్పిన గద."

"పాత వీడియోలు జూపెట్టి గూడ మాట్లాడిపిస్తున్నరట ఇప్పుడు" అంది అమ్మ. గొంతులో ఏ వణుకూ లేదు. టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నప్పటి గొంతు అది. "ఫోన్ ఆడ బెట్టు. దూరం జరుగు. అటు తిరుగు."

ఫోన్ కిటికీలో పెట్టి తిరిగాను.

"ఇటు తిరుగు."

ఇటు తిరిగాను.

"నడువు. కాళ్ళు కనవడాలె."

దయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయని చిన్నప్పుడు నాకు చెప్పింది తనే. చీర కుచ్చిళ్ళు పైకెత్తి, లైట్ల తీగలు దాటుకుంటూ, యూనిట్ అంతా చూస్తుండగా ఆ గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. సిగ్గు లేదు. ఏడుస్తున్నాను, నడుస్తున్నాను. ఆవిడ గోడకి ఆనుకుని, కళ్ళార్పకుండా నన్నూ ఫోన్నీ చూస్తోంది.

తిరిగి ఫోన్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ అలాగే చూస్తోంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"గా సలిల సెప్పుల్లేకుండ తిరుగుతున్నవా?" అంది. "సరే, పెట్టు. బండి ఆగి ఉన్నది. జనం సూస్తున్నరు."

ఫోన్ డ్రైవరు చేతికిచ్చింది. అతను కట్ చేయడం మరచిపోయాడు. తెర మీద ట్యూబ్‌లైటు ఊగుతోంది. వెనక అమ్మ రైట్ అనబోయింది, మాట బయటికి రాలేదు. మళ్ళీ అనబోయింది. ఎవరో ప్రయాణికురాలు నీళ్ళు తాగక్కా అంటోంది. ఆ తర్వాత వినబడింది, రోజూ అనే రైట్. బండి కదిలిన చప్పుడు విన్నాక నేను నేల మీద కూర్చుండిపోయాను.

నా ఫోటో మళ్ళీ గోడెక్కదని డైరెక్టర్‌తో తెగేసి చెప్పాను. పొద్దున తీసిందంతా పాడవుతుందని ఆయన తల పట్టుకున్నాడు. ఆవిడే తీర్పు చెప్పింది. ఫోటో వద్దు, కెమెరా నా ముఖం మీదే ఉంచండి, నేను చూడటానికి ఫోటో ఉండాల్సిన చోట ఈ అమ్మాయిని నిలబెట్టండి, అంది. నా దగ్గరికి వచ్చి, కదలకుండా నిలబడగలవా అని అడిగింది. అదే కదా నా పని, అన్నాను.

స్క్రిప్టు ప్రకారం ఆ తల్లి ఫోటో ముందు కూలబడి, నన్నెందుకు వదిలి వెళ్ళావని ఏడవాలి. కెమెరా తిరిగింది. ఆవిడ కూలబడలేదు. నిటారుగా నిలబడి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"అటు తిరుగు" అంది. తెలుగులో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటలు మా అమ్మవి. ఇప్పుడే, ఇదే గదిలో, ప్రాణం అరచేతిలో పెట్టుకుని అన్న మాటలు. ఎవరినడిగి తీసుకుంది? అరిచేద్దామనుకున్నాను, కానీ షాట్ నడుస్తోంది. బిర్రబిగుసుకుని నిలబడ్డాను. నేను చచ్చిపోయిన పిల్లని, కదలకూడదు.

"ఇటు తిరుగు."

పలుకు సరిగ్గా తిరగలేదు, కానీ గొంతు మాత్రం టికెట్ లేనివాణ్ణి పట్టుకున్న గొంతే. గోడ ఖాళీగా ఉంది, నాకు బండి ఇంకా వంతెన ముందే ఆగి ఉన్నట్టుంది, ఎదురుగా ఉన్నది ఎవరేం చెప్పినా గట్లనే అంటరు అనుకుంటున్న మా అమ్మే. నేను తిరగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

"నడువు" అంది.

తిరిగాను. నాకు తెలియకుండానే తిరిగాను. నా కాలు ఒక అడుగు ముందుకి పడింది.

నేను కెమెరాకి ఇవతల ఉన్నాను కాబట్టి ఆ కదలిక ఎక్కడా పడలేదు. దాన్ని చూసిన ఆవిడ ముఖం మాత్రం పడింది. దానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. కంట్లో చుక్క నీరు లేదు. డైరెక్టర్ చాలాసేపటికి కట్ అన్నాడు. ఇంకొంచెం అంటాడేమోనని అందరం చూశాం. అనలేదు. ఆవిడే నా వైపు చూసి, "చాలు" అంది.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచుముక్కలా ఉంది.

సీరియల్ వచ్చాక ఆ ముక్క అమ్మకి పంపాను. డిపోలో తోటి కండక్టర్లందరికీ చూపించిందట. వాళ్ళలో ఒకామె, బిడ్డ సస్తే గిట్ల ఏడ్వకుండ ఉంటదా ఏ తల్లన్న, గీమెకు యాక్టింగ్ రాదు అందట. ఆ మాట చెబుతూ అమ్మకి కోపం ముంచుకొచ్చింది. షాట్‌లో నేను తిరిగిన సంగతి అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు.

"దానికేం దెలుసే?" అంది అమ్మ. "బిడ్డ తిరిగింది. ఆమె సూసింది. ఇంక దేనికేడుస్తది?"